కబురుకూ పెట్టెకూ నడుమ

ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫ్‌కు వెళ్లిన మనిషి మరణం ఇంటికి రెండు విడతలుగా చేరుతుంది. మొదట అది ఫోన్‌లో కబురుగా వస్తుంది. కొన్నిసార్లు ప్రాణం పోయిన గంటలోపే, ఒక్కొక్కసారి ఇంటివారికంటే ముందు ఊరివారి ఫోన్లలోకే వస్తుంది. ఆ తర్వాత వారాలకో, వ్యవహారం చిక్కుపడితే నెలలకో, శంషాబాద్ విమానాశ్రయపు కార్గో విభాగం నుంచి అంబులెన్స్‌లో పెట్టెగా వస్తుంది. పూర్వం మరణం, దాని కబురు, శవం, దహనం అన్నీ ఒకటి రెండు రోజుల్లో ఒకే వాకిట జరిగిపోయేవి గనుక, ఈ నాలుగూ వేర్వేరు సంగతులన్న ఆలోచన ఎవరికీ కలిగేది కాదు. ఇప్పుడు అవి ఒకదానికొకటి దూరమయ్యాయి. సోషల్ మీడియా కాలంలో మనుషుల దుఃఖం ఏమవుతోందన్న ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరుగుతోంది గానీ, కబురు చేతికంది శవం అందని ఆ నడిమి కాలంలో ఒక కుటుంబం ఏం చేయగలుగుతుంది, ఏం చేయలేకపోతుంది అన్నది ఉత్తర తెలంగాణలోని ఈ ఊళ్లకు తెలిసినంతగా మరెక్కడా తెలియదేమో.

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అన్న మూడు మాటల్లో తెలంగాణ పల్లె తన వలస చరిత్రను చెప్పుకుంటుంది. మొదటిది సింగరేణి గనులు. రెండవది సిరిసిల్ల నేతన్నలు మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన బొంబాయి, భివండీలు. మూడవది 1970ల నాటి చమురు ధరల పెరుగుదల తర్వాత కూలీలకు తలుపులు తెరిచిన గల్ఫ్. సౌదీ అయినా కువైట్ అయినా ఒమాన్ అయినా ఇక్కడి వాడుకలో "దుబాయి పోయిండు" అంటే సరిపోతుంది. 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ జిల్లా విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, బీడీలు చుడుతూ నెలనెలా దుబాయి నుంచి వచ్చే డబ్బుకోసం, దానికంటే ఎక్కువగా రాత్రిపూట వచ్చే ఫోన్ కోసం ఎదురుచూసే ఆడవాళ్ల జీవితం రెండు జిల్లాల్లోనూ ఒకటే. కామన్వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ సమాచార హక్కు చట్టం సహాయంతో సేకరించి 2018లో వెల్లడించిన వివరాల ప్రకారం, 2012 నుంచి 2018 నడిమి దాకా ఆరు గల్ఫ్ దేశాల్లో కనీసం 24,570 మంది భారతీయ కార్మికులు మరణించారు. అంటే సగటున రోజుకు పదిమందికి పైగా. వారి మరణ పత్రాల్లో తరచుగా కనిపించే కారణం గుండెపోటు, లేదా సహజ మరణం. ముప్పై నలభై ఏళ్ల వయసులో, ఎండలో పనిచేసి వచ్చి నిద్రలోనే పోయిన మనిషి విషయంలో "సహజం" అన్న ఆ మాటను ఇంటివారు ఎలా నమ్మాలో ఏ కాగితమూ చెప్పదు.

చావు కబురు ఇంటికి నడిచి వచ్చే దారి గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఫోన్లు లేని రోజుల్లో "సావుకబురు" ఒక మనిషి కాళ్ల మీద వచ్చేది. ఆ మనిషి ముందు ఎవరి ఇంటికి వెళ్లాలి, ఇచ్చిన ఆడబిడ్డలకు ఏ మాటతో చెప్పాలి అన్నదానికి ఒక వరస ఉండేది. దూరాన ఉన్న కూతురికి "నాయినకు మంచిగ లేదు, జల్ది రమ్మన్నరు" అని చెప్పేవారే తప్ప, పోయాడని చెప్పేవారు కాదు. బస్సు దిగి వాడకట్టు మలుపు తిరిగి, వాకిట్లో జనాన్ని చూసి ఆమే గ్రహించేది, ఆ క్షణానికి పట్టుకోవడానికి నాలుగు చేతులు ఆమె చుట్టూ ఉండేవి. అంతమాత్రాన ఆ పాత పద్ధతిని తలచుకుని మురిసిపోవడం న్యాయం కాదు. నిజాం కాలపు వెట్టిలో కబురు మోసే పని, డప్పు కొట్టే పని కూలి లేకుండా దళితుల మీద పడ్డాయి, ఆ వరసకు తమ కాళ్లను అరగదీసుకున్నది వాళ్లే. తర్వాతి కాలంలో ఆ పని టెలిగ్రాం చేసింది. 2013 జూలై 14 రాత్రితో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసేదాకా, టెలిగ్రాం వచ్చిందన్న మాటకే పల్లెలో ఏడుపు మొదలయ్యేది.

గల్ఫ్ కుటుంబాలకు ఉత్తరాలు, గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు, ఎస్టీడీ బూత్‌లు, ఆ తర్వాత ఇంటర్నెట్ కాల్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేకపోవడంతో ఇమో, బోటిమ్ వంటి యాప్‌ల పేర్లు చదువురాని ముసలమ్మలకు కూడా నోటికి వచ్చాయి. అలాంటి ఇంట్లో ఫోన్ అంటే మగని ముఖం, తండ్రి గొంతు. చావు కబురు కూడా అదే తెర మీదికి వస్తుంది. క్యాంపులో, అంటే కంపెనీ కార్మికులను ఉంచే వసతిగృహంలో, తెల్లవారి లేపితే లేవని మనిషి పక్కన నిలబడ్డ రూమ్మేట్‌కు ఇంటివాళ్ల నంబరు తెలియదు. చనిపోయినవాడి ఫోన్‌కు తాళం పడి ఉంటుంది. తెలిసిందల్లా ఊరి పేరు. అతడు ఆ మండలంవారి వాట్సాప్ గ్రూపులో పాస్‌పోర్ట్ ఫొటో పెట్టి, ఈయన ఎవరి మనిషో తెలిసినవాళ్లు చెప్పండని అడుగుతాడు. ఆ అడగడంలో ఏ తప్పూ లేదు, అది మంచితనమే. కానీ ఆ ఫొటో ఊరి గ్రూపులోకి, కులసంఘం గ్రూపులోకి, యువజన సంఘం గ్రూపులోకి నిమిషాల్లో పాకుతుంది. ఇంటి ఇల్లాలు బీడీల చాట ముందు కూర్చుని ఉండగానే పక్కింటి పిల్లవాడి ఫోన్‌లో ఆమె మగని ముఖం కింద "ఓం శాంతి" అన్న మాటలు పేరుకుంటాయి. వరస తప్పడమంటే ఇదే. ముందు తెలియవలసినవారికి చివర తెలియడం, పట్టుకునే చేతులు చుట్టూ లేనప్పుడు తెలియడం.

చావు చుట్టూ మనిషి కట్టుకున్న ఆచారాలన్నిటిలో సమయానికీ పనికీ ఉన్న ముడిని మొదట శాస్త్రీయంగా గమనించినవారిలో ఫ్రెంచి పండితుడు రాబర్ట్ హెర్ట్జ్ ఒకడు. 1907లో రాసిన వ్యాసంలో ఆయన, శవానికి జరిగేదీ ఆత్మకు జరిగేదీ బతికున్నవారికి జరిగేదీ ఒకే కొలతలో నడుస్తాయని చూపాడు. 1909లో ఆర్నాల్డ్ వాన్ గెన్నెప్ దాన్ని విస్తరించి, ఒక స్థితి నుంచి మరొక స్థితికి మనిషిని దాటించే తంతులన్నీ విడదీయడం, నడుమ ఉంచడం, తిరిగి కలపడం అనే మూడు దశల్లో జరుగుతాయని చెప్పాడు. ఈ సిద్ధాంతాన్ని జగిత్యాల పల్లెల మాటల్లో మరింత స్పష్టంగా చెప్పవచ్చు. పాడె మోసుకుపోతూ నడిదారిలో "దింపుడు కళ్లం" దగ్గర దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం మొదటి దశకు గుర్తు. ఆ పిలుపుకు పలకకపోతేనే మనిషి నిజంగా పోయాడని అర్థం. మూడొద్దులకూ పదకొండొద్దులకూ పెట్టిన ముద్దను పిట్ట ముట్టేదాకా ఎదురుచూడటం నడిమి దశ. పెద్దదినం నాడు బంధువులంతా కూర్చుని తినడం తిరిగి కలపడం. ఇందులో ప్రతిదానికీ ఒక పని ఉంది, ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నాడు: పాడె కట్టేవాడు, చిచ్చుకుండ పట్టేవాడు, నీళ్లు కాచేవాళ్లు, ఏడ్చే ఇంట్లో పొయ్యి వెలగదు గనుక అన్నం వండి తెచ్చే వియ్యాలవారు. దుఃఖం మాటల్లో కంటే ఎక్కువగా ఈ పనుల్లో కదిలేది.

ఈ సంగతిని ఇటీవలి కాలంలో లక్షలమందికి చూపింది సిరిసిల్ల ప్రాంతపు సినిమా. 2023 మార్చి 3న విడుదలైన "బలగం"కు దర్శకుడైన వేణు యెల్దండిది సిరిసిల్ల. పిట్ట ముద్ద ముట్టకపోవడమే ఇరుసుగా కథంతా తిరుగుతుంది. ఆ చిత్రాన్ని తెలంగాణ పల్లెల్లో రచ్చకట్టల దగ్గర తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు, చూస్తూ ఏడ్చారు. ఆ ఏడుపుల వీడియోలు మళ్లీ ఫోన్లలో తిరిగాయి. చివరి ఘట్టంలో పోయిన మనిషి బతుకునూ అతని బిడ్డల నడుమ ఎడబాటునూ పాడి వినిపించినవారు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు, బుడగజంగాల కళాకారులు. చావు ఇంటికి వచ్చి, పోయినవారి గుణగణాలు పాడటం, వినేవారి గొంతులో ఆగిపోయిన ఏడుపును బయటికి రప్పించడం ఆ కళ చేసే పని. 2024 డిసెంబర్ 19న మొగిలయ్య అనారోగ్యంతో మరణించినప్పుడు, జీవితమంతా ఇతరుల చావులకు పాడిన మనిషికి సోషల్ మీడియాలో ఆయన సొంత పాట ముక్కలతోనే జనం నివాళి చెప్పారు. అందులో వెలితి ఉందని ఎవరైనా అంటే కాదనలేం. ఆయన పాటకు ఆ వాకిట్లో ఎదురుగా కూర్చున్న అన్నదమ్ములు కావాలి, వాళ్ల పేర్లు ఎత్తి పాడాలి. అయినా ఆ గొంతు లేని చోట్లకు, ఎడారిలోని క్యాంపు మంచాల దాకా ఆ పాటను మోసుకెళ్లింది కూడా ఫోనే.

దూరదేశపు మరణం కొత్త సమస్య కాదు. యుద్ధానికో తీర్థయాత్రకో వర్తకానికో పోయినవారు తిరిగి రాకపోవడం పూర్వులకు బాగా తెలుసు గనుక, ధర్మశాస్త్రాలు దానికి ప్రత్యేకంగా విధులు ఏర్పరచాయి. మనుస్మృతి ఐదవ అధ్యాయం ప్రకారం, దేశాంతరంలో మరణించిన దాయాది కబురు పదిరోజుల లోపల వినబడితే మిగిలిన రోజులే మైల. పదిరోజులు దాటాక వినబడితే మూడు రాత్రులు. ఏడాది దాటాక వినబడితే స్నానంతో శుద్ధి. ఈ లెక్కలో ఒక లోతైన ఎరుక ఉంది. ప్రాణం పోయిన క్షణం ఒకటి, బంధువుకు ఆ మరణం సంభవించే క్షణం వేరొకటి అనీ, ఆ రెండవది కబురు చెవిన పడిన నాడేననీ శాస్త్రం ఒప్పుకుంది. శవమే దొరకనప్పుడు మోదుగ కాడలు 360 తెచ్చి దర్భలతో మనిషి ఆకారం కట్టి దహనం చేయమంది. కబురు ఆలస్యంగా వస్తుంది, శవం అసలు రాకపోవచ్చు అన్న లోకానికి ఆ విధులు సరిపోయాయి. నేటి గల్ఫ్ కుటుంబానికి ఎదురైన స్థితి దీనికి తలకిందులు: కబురు వెంటనే వస్తుంది, శవం తప్పక వస్తుందంటారు, ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. దినాలను మరణం నాటి నుంచి లెక్కించాలా, దహనం నాటి నుంచా అన్నది ఒక్కో ఇంట ఆచారాన్నీ పురోహితుడి మాటనూ బట్టి తేల్చుకోవలసి వస్తుంది. అంతదాకా ఆ ఇంట్లో చేయడానికి పని ఉండదు.

ఏ పనీ లేని ఆ ఎదురుచూపుకు అమెరికన్ మనస్తత్వవేత్త పాలిన్ బాస్ "అస్పష్ట వియోగం" అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను గమనిస్తూ 1970లలో ఆమె ఈ భావనను రూపొందించింది: మనిషి లేడని మనసుకు తెలిసినా, లేడనడానికి గుర్తు కళ్ల ముందు లేనప్పుడు దుఃఖం గడ్డకట్టుకుపోతుందని, అది ఆ మనుషుల బలహీనత కాదని, పరిస్థితి స్వభావమేనని ఆమె వాదన. పెట్టె కోసం ఎదురుచూసే ఇంట్లో ఇదే జరుగుతుంది. భార్య గాజులు తీయాలో వద్దో తెలియదు. అత్త ఒకవైపు ఏడుస్తూనే, పొరపాటున వేరెవరి ఫొటో అయినా పెట్టారేమోనని ఇంకొకవైపు అడుగుతుంది. నిర్ధారించుకోవడానికి మార్గంగా కనిపించేది మళ్లీ ఫోనే గనుక, ఆస్పత్రి శవాగారంలో తీసిన చిత్రాన్ని పంపమని బతిమాలుకుంటారు. అది వస్తుంది. వచ్చినది ఒక్క ఇంట్లో ఆగదు. దింపుడు కళ్లం దగ్గర ముఖం మీది బట్ట తీసే హక్కు ఎవరికి ఉందో ఊరందరికీ తెలుసు. తెర మీది ముఖం విషయంలో ఆ ఎరుక ఇంకా స్థిరపడలేదు. శవం బొమ్మను ముందుకు పంపే ప్రతి వేలూ, ఇంటివారి అనుమతి లేకుండా ఆ బట్ట తీస్తున్నట్టే లెక్క.

అయితే ఫోన్ హాని మాత్రమే చేస్తోందని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. శవాన్ని ఇంటికి చేర్చడానికి కావలసిన కాగితాల వరస చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఆస్పత్రి నివేదిక, పోలీసుల అనుమతి, ఆ దేశపు మరణ ధ్రువపత్రం, ఇంటివారి సమ్మతి పత్రం, భారత రాయబార కార్యాలయంలో పాస్‌పోర్ట్ రద్దు, నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), శవం పాడవకుండా రసాయనాలు ఎక్కించే ఎంబామింగ్‌కు ధ్రువపత్రం, విమానంలో కార్గో బుకింగ్. యజమాని, అంటే "కఫీల్", బాధ్యత తీసుకుంటే ఇవన్నీ కొంత తేలికగా సాగుతాయి. యజమానిని వదిలి బయట పనిచేస్తూ పత్రాలు లేకుండా మిగిలిన మనిషిని గల్ఫ్ తెలంగాణ భాషలో "ఖల్లివెల్లి" అంటారు. అతడు పోతే టికెట్టు డబ్బులు ఇచ్చేవారు కూడా ఉండరు. అలాంటప్పుడు ఊరి గ్రూపు కదులుతుంది. ఒకరు రాయబార కార్యాలయానికి తిరుగుతారు, ఒకరు సమ్మతి పత్రం మీద భార్య సంతకం చేయించి స్కాన్ చేసి పంపుతారు, వందమంది తలా కొంత చందా వేస్తారు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి శవాన్ని తరలించే ఖర్చు అడగవచ్చన్నదీ, ఫిర్యాదుకు "మదద్" పోర్టల్ ఉందన్నదీ, ప్రయాణానికి ముందు ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్ట్ మీద ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టి ఉంటే ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు వస్తాయన్నదీ, శంషాబాద్ నుంచి ఊరిదాకా ప్రభుత్వ అంబులెన్స్ ఉచితమన్నదీ ఇంటివారికి చాలావరకు ఈ గ్రూపుల్లోనే తెలుస్తుంది. 2023 ఆగస్టులో కేంద్రం "ఈ-కేర్" అనే పోర్టల్ తెచ్చి, విదేశాల నుంచి శవాలు తెచ్చే అనుమతులను ఆన్‌లైన్ చేసింది. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో మరణించిన వలస కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చినప్పుడు, ఏ కాగితాలు జతచేయాలో ఒకరికొకరు చెప్పుకున్నదీ వాట్సాప్‌లోనే.

ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది, ఈ విషయమంతటికీ అదే కీలకం. "ఓం శాంతి" అని రాసి వేలు ముందుకు జరిపిన మనిషికీ, అదే గ్రూపులో పాస్‌పోర్ట్ రద్దు పత్రం కోసం పనిదినం వదులుకుని తిరిగిన మనిషికీ చేతిలో ఉన్న ఫోన్ ఒకటే. రెండవవాడు చేసింది పాడె మోయడమే. దుఃఖానికి పని జతపడిన చోట సోషల్ మీడియా పాత ఆచారంలో ఒదిగిపోతోంది. పని లేని చోట అది కబురుగానే మిగిలి, మరునాటి కబురు కింద మునిగిపోతోంది.

వీడియో కాల్‌లో చివరిచూపు ఈ ఒదుగుబాటుకు మరొక ఉదాహరణ. తండ్రి ఇక్కడ పోతే సెలవు దొరకని కొడుకు సౌదీలో, రెండున్నర గంటలు వెనకనున్న గడియారం కింద, పనిచోట నీడ వెతుక్కుని నిలబడి తలకొరివి చూస్తాడు. ఇక్కడ చిచ్చుకుండ పట్టిన తమ్ముడి పక్కనే ఒక పిల్లవాడు ఫోన్ పట్టుకుని కాష్టం చుట్టూ తిరుగుతాడు. ఫోన్ పట్టే ఆ పని కొత్తది, కానీ అది పాడె మోసేంత బాధ్యతగల పనిగా ఇప్పటికే స్థిరపడింది. దూరపు కొడుకుకు ముఖం కనబడేలా గుంపును పక్కకు జరగమనే అధికారం ఆ పిల్లవాడికి అందరూ ఇస్తారు. 2020 మార్చి చివరలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. కరోనాతో గల్ఫ్‌లో మరణించినవారి అంత్యక్రియలు అక్కడే జరిగాయి, ఇంటివారికి దక్కింది తెర మీది చూపే. యూఏఈలో, బహ్రెయిన్‌లో హిందువులకు దహనవాటికలు ఉన్నాయి, సౌదీలో లేవు. అందువల్ల సౌదీలో హిందువు మరణిస్తే పెట్టె రావాలి, లేదా అక్కడి మట్టిలో పూడ్చడానికి ఇంటివారు ఒప్పుకోవాలి. జగిత్యాల, కోరుట్ల ముస్లిం కుటుంబాల్లో చాలామంది, మరణించినవారిని ఆ నేలలోనే ఖననం చేయడానికి సమ్మతించి, ఇక్కడి మసీదులో "గాయిబానా" జనాజా నమాజు చేసుకుంటారు. శవం ఎదుట లేకుండా చేసే ప్రార్థన అని దానికి అర్థం. శవం లేని సంతాపానికి ఒక రూపం సిద్ధంగా ఉండటం ఎంత ఊరటనో ఆ కుటుంబాలకు తెలుసు.

ఈ నడుమ అందరి చూపుకూ తప్పిపోయే దుఃఖం ఒకటుంది. క్యాంపులో పదేళ్లు పక్క మంచం మీద పడుకున్న రూమ్మేట్‌కు, పోయినవాడు చుట్టం కాడు. అతనికి మైల లేదు, దినం లేదు, సెలవు అసలే లేదు, మంచం ఖాళీ అయిన మరునాడే కొత్త మనిషి వస్తాడు. అమెరికన్ పండితుడు కెన్నెత్ డోకా 1989లో ఇలాంటి దానికి "గుర్తింపు దక్కని దుఃఖం" అన్న భావం వచ్చే పేరు పెట్టాడు: ఏడ్చే హక్కు సమాజం ఇవ్వని సంబంధాల్లో కలిగే శోకమన్నమాట. ఆ రూమ్మేట్ పెట్టుకున్న వాట్సాప్ స్టేటస్‌ను, ఇద్దరూ కలిసి దిగిన ఫొటోకు పాట జోడించి చేసిన వీడియోను చూసి తేలికగా మాట్లాడేవారుంటారు. ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే ఆ స్టేటస్ తప్ప అతనికి వేరే దినం లేదన్నది గుర్తుంచుకుంటే ఆ మాట నోటికి రాదు. ఊళ్లో కట్టే "కన్నీటి నివాళి" ఫ్లెక్సీలు, పోయినవారి పేరూ ఊరూ చేర్చి జానపద గాయకులతో పాడించి యూట్యూబ్‌లో పెట్టే యాది పాటలు కూడా ఇలాగే అర్థం చేసుకోదగినవి. రాగం తీసి ఏడవడం నాగరికం కాదన్న సిగ్గు చదువుకున్న ఇళ్లలోకి వచ్చాక, ఆ ఏడుపు ఎక్కడికో పోవాలి కదా.

పోయినవారి ఫోన్, ఖాతాలు ఆ తర్వాత ఏమవుతాయన్నది చాలా కుటుంబాలు ఆలోచించని విషయం. 2009లో ఫేస్‌బుక్, పాత మిత్రులను మళ్లీ పలకరించమంటూ చనిపోయినవారి పేర్లను కూడా సూచించడంతో విమర్శలు వచ్చాయి. ఆ ఏడాదే మరణించినవారి ఖాతాను స్మారక పుటగా మార్చే పద్ధతిని ఆ సంస్థ వివరించింది. తన తర్వాత ఖాతాను చూసుకునే వారసుణ్ణి ముందే పేర్కొనే వీలు 2015లో వచ్చింది. గూగుల్ అలాంటి ఏర్పాటును 2013లోనే తెచ్చింది. జర్మనీలో పదిహేనేళ్ల కూతురిని 2012లో రైలు ప్రమాదంలో పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆమె ఫేస్‌బుక్ సందేశాలు చూడటానికి ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరిగితే, ఉత్తరాలు, డైరీల లాగే ఖాతా కూడా వారసులదేనని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం 2018 జూలై 12న తీర్పు చెప్పింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 14వ సెక్షన్, తన మరణానంతరం తన డేటా హక్కులు వినియోగించుకునే నామినీని పేర్కొనే హక్కు ఇచ్చింది. బ్యాంకు నామినీ గురించి దుబాయి విమానం ఎక్కేముందు ఎవరో ఒకరు చెబుతారు. ఫోన్ తాళం గురించి ఎవరూ చెప్పరు.

పల్లెల్లో ఈ సమస్య మరింత సాదా రూపంలో ఎదురవుతుంది. నాలుగు నెలలు, కచ్చితంగా చెప్పాలంటే 120 రోజులు, వాడకుండా ఉన్న వాట్సాప్ ఖాతా సాధారణంగా తొలగిపోతుంది. రీచార్జి లేక మూతపడిన సిమ్ నంబరును, 90 రోజుల గడువు దాటాక కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చు. భర్త నంబరును చెరపలేక ఫోన్‌లో ఉంచుకున్న స్త్రీకి ఒకనాడు ఆ పేరు పక్కన ముఖం మాయమవుతుంది, మరొకనాడు అదే పేరు కింద ఎవరో తెలియని మనిషి ముఖం కనిపిస్తుంది. అతడు పంపిన గొంతు సందేశాలను వేరే చోట దాచుకోవచ్చని ఆమెకు ముందే చెప్పేవారుంటే బాగుండును. ఊళ్లో ఫోన్ తెలిసిన ప్రతి యువకుడూ చావు ఇంటికి వెళ్లినప్పుడు చేయగల పని ఇది, పదకొండొద్దుల లోపల చేయవలసిన పని.

ఫేస్‌బుక్ ఏటా అదే తేదీకి పాత ఫొటోను తెచ్చి ముందు పెడుతుంది. పురోహితుడు తేదీని చూడడు, తిథిని చూస్తాడు. అధిక మాసం వచ్చిన ఏడు ఆ రెండింటికీ నడుమ దూరం మరింత పెరుగుతుంది. ఆ విధంగా గల్ఫ్ వితంతువుకు ఏడాదికి రెండు సంవత్సరీకాలు వస్తున్నాయి: ఒకటి ఎవరూ పిలవకుండా తెర మీదికి వచ్చేది, ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చేది, రెండవది పదిమందీ ముందుగా తెలిసి స్వయంపాకం సిద్ధం చేసుకుని వచ్చేది. 2019లో కార్ల్ ఓమన్, డేవిడ్ వాట్సన్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, కొత్త సభ్యులు చేరకపోయినా ఈ శతాబ్దాంతానికి కనీసం 140 కోట్ల ఫేస్‌బుక్ సభ్యులు మరణించి ఉంటారని లెక్క వేశారు. అంతమంది గతించినవారి ముఖాలను తలుపు తట్టకుండా లోపలికి పంపే యంత్రానికి, ఎప్పుడు పంపాలో నేర్పవలసి ఉంది. పోయినవారితో బంధం తెంచుకుంటేనే మనసు కుదుటపడుతుందన్నది 1917 నాటి ఫ్రాయిడ్ వ్యాసం నుంచి పాశ్చాత్యుల్లో బలపడిన అభిప్రాయం. 1996లో డెనిస్ క్లాస్ తదితరులు దాన్ని సవాలు చేసి, బంధం మారిన రూపంలో కొనసాగడమే ఆరోగ్యమని ఒక పుస్తకమే తెచ్చారు. ఏటా పెద్దలకు బియ్యమిచ్చే తెలంగాణ ఇల్లాలికి ఆ మాట ఎవరూ నిరూపించి చూపనక్కరలేదు.

గోదావరిని ఇక్కడివారు "గంగ" అంటారు. అస్థులు గంగలో కలపడానికి ఈ ప్రాంతమంతా వచ్చేది ధర్మపురికే. లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యమధర్మరాజుకు గుడి ఉన్న అరుదైన క్షేత్రమిది. అక్కడి గండదీపంలో నూనె పోసి, గండాలు తప్పించమని మొక్కుకుంటారు. ధర్మపురికి పోతే యమపురి ఉండదన్న నానుడి ఈ ఊరిది. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిదీ ఈ ఊరే. చివరి ఘడియలో నోట మాట రాకపోతే దేవుణ్ణి తలచుకోవడమెలాగన్న దిగులు ఆ శతకంలో ఉంది. పరాయి దేశపు గదిలో, భాష తెలియని ఆస్పత్రిలో పోయినవారిని తలచుకున్నప్పుడు ఆ దిగులుకు ఇంకొక అర్థం తోస్తుంది.

ఏ తిథిన పోయారో తెలియనివారికి పితృకార్యం చేసే రోజు మహాలయ అమావాస్య. తెలంగాణలో దాన్ని పెత్రమాస అంటారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తాళం వేసిన గదిలో ఎప్పుడు ప్రాణం పోయిందో తేలక, మరణ పత్రం మీది తేదీ శవాన్ని కనుగొన్న తేదీ మాత్రమే అయిన గల్ఫ్ మృతులు ఎందరో ఈ రోజు లెక్కలోకే వస్తారు. ఆ నాడు ధర్మపురి మెట్ల మీద తర్పణాలు విడిచే వరసలో ఫోన్లూ ఉంటాయి. క్యాంపులో ఉన్న తమ్ముడికి అన్న పేరిట ఇచ్చే బియ్యం, నీళ్లు కనబడాలని ఎవరో పైమెట్టు మీద నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకుంటారు. మహాలయ తర్పణంలో పేర్లు చెప్పే క్రమం తండ్రి తాతలతో ఆగదు. తల్లి వైపువారు, అత్తమామలు, గురువు దాటి, స్నేహితుడి దాకా సాగుతుంది. పక్క మంచం మనిషికి ఏ కార్యమూ చేసే అర్హత లేదనుకున్న రూమ్మేట్, సెలవు దొరికి ఊరికి వచ్చిన ఏడు, ఆ వరసలో కూర్చుని, పురోహితుడు స్నేహితుడి పేరు అడిగినప్పుడు ఆ పేరు చెప్పి నీళ్లు వదలవచ్చు.